ఇంటి కంప్యూటరు సైన్సుకు పనిచేస్తే మీటరు ఎంత తిరుగుతుంది?

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. చదువుకునే గదిలో కంప్యూటరు ఫ్యాను మాత్రం హోరుమంటూనే ఉంది. తెర ఆరిపోయి ఉంది, డబ్బా వెనక చెయ్యి పెడితే వేడిగాలి కొడుతోంది. ఏమిట్రా ఇది అని అడిగితే, "నక్షత్రాలు వెతుకుతోంది నాన్నా, పొద్దుటికి అయిపోతుంది" అంటాడు ఇంజినీరింగ్ చదివే కొడుకు. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఈ జవాబు విన్న తండ్రికి వచ్చే అనుమానాలు మూడు. ఇది బిట్‌కాయిన్ వ్యవహారమా? వైరస్ ఏమైనా పట్టిందా? కరెంటు బిల్లు ఎంతొస్తుంది? మొదటి రెండింటికి జవాబు సులువే. మూడోదానికే కాస్త లెక్క కట్టాలి.

క్లుప్తంగా

ఇంటి కంప్యూటరు వాడని సమయాన్ని పరిశోధన సంస్థలకు ఇచ్చే పద్ధతిని వాలంటీర్ కంప్యూటింగ్ అంటారు. దీనికి రుసుము ఉండదు, జీతమూ ఉండదు. సాఫ్ట్‌వేర్ ఉచితం, కరెంటు మాత్రం సొంతం. రాత్రిపూట సగం కోర్లతో, అంటే ప్రాసెసరులో లెక్కలు చేసే విభాగాల్లో సగంతో నడిపితే నెలకు వంద రూపాయల అటూ ఇటూ అవుతుంది. గ్రాఫిక్స్ కార్డుతో పగలూ రాత్రీ నడిపితే రెండు వేలకు చేరువవుతుంది. ఉత్తరాంధ్ర ఇళ్లలో యంత్రం వేగం కన్నా వేడి, కరెంటు కోతలు, ఇన్వర్టరు బ్యాటరీ ఎక్కువ ప్రభావం చూపుతాయి.

పొందూరు రాట్నం పద్ధతి

పొందూరులో సన్నఖాదీ ఎలా తయారవుతుందో తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. పత్తి ఇళ్లకు వెళ్తుంది. ఇంటి దగ్గరే వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద వడికి, మహిళలు చిలపలు కట్టి సంఘానికి తెచ్చిస్తారు. అక్కడ నూలు చూసి లెక్క రాసుకుంటారు. ఒక ఇంటి రాట్నానికి పక్కింటి రాట్నంతో పని లేదు. ఒక ఇంట్లో పెళ్లి వచ్చి వారం ఆగినా మిగతా ఇళ్లలో వడకడం ఆగదు.

వాలంటీర్ కంప్యూటింగ్‌లో పత్తి స్థానంలో లెక్కలుంటాయి. ఎక్కడో ఉన్న సర్వరు పెద్ద లెక్కను లక్షల ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కను వర్క్ యూనిట్ అంటారు. ఇంట్లోని కంప్యూటరులో ఉన్న చిన్న ప్రోగ్రాం సర్వరును పని అడుగుతుంది, ముక్కను దించుకుంటుంది, ప్రాసెసరుకు వేరే పని లేనప్పుడు దాన్ని చేస్తుంది. మధ్యమధ్యలో ఎంతవరకు అయిందో డిస్కు మీద గుర్తు పెట్టుకుంటుంది. దీన్ని చెక్‌పాయింట్ అంటారు. పూర్తయ్యాక ఫలితం పంపి ఇంకో ముక్క అడుగుతుంది.

ఖాదీకీ దీనికీ ఒక తేడా ఉంది. చిలపను వేళ్ల మధ్య పట్టుకుంటే నూలు సన్నదో మొద్దుదో తెలిసిపోతుంది. అంకెల ఫలితాన్ని చూసి అది ఒప్పో తప్పో చెప్పలేం. వేడెక్కిన ప్రాసెసరు, చెడిన మెమరీ, పాయింట్ల కోసం మోసం చేసేవారు, వీటిలో ఏదైనా తప్పుడు అంకెను పంపగలదు. అందుకే చాలా ప్రాజెక్టులు ఒకే ముక్కను పరిచయం లేని రెండు ఇళ్లకు పంపుతాయి. రెండు జవాబులూ కలిస్తేనే లెక్కలోకి తీసుకుంటాయి. కలవకపోతే మూడో ఇంటికి వెళ్తుంది.

ఈ జాగ్రత్త ఎందుకో 2010లో కనిపించింది. అరెసిబో రేడియో టెలిస్కోప్ సమాచారాన్ని వెతుకుతున్న ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ప్రాజెక్టులో, సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగే కొత్త పల్సార్ (గిరగిర తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే మృతనక్షత్రం) ఒకటి బయటపడింది. దాని సంకేతాన్ని పట్టుకున్నవి రెండు ఇళ్ల కంప్యూటర్లు. ఒకటి అమెరికాలోని అయోవాలో, ఇంకొకటి జర్మనీలోని మైంజ్‌లో. ఒకరినొకరు ఎరగని ఆ రెండు ఇళ్లవారికీ పరిశోధకులు పేరు పేరునా గుర్తింపు ఇచ్చారు.

ఈ పద్ధతి పాతదే. పెద్ద ప్రధాన సంఖ్యలను వెతికే గింప్స్ 1996లో మొదలైంది. 1999 మే 17న బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రారంభించిన సెటీ ఎట్ హోమ్‌తో ఇది జనంలోకి వెళ్లింది. గ్రహాంతరవాసుల సంకేతాల కోసం రేడియో తరంగాలను జల్లెడ పట్టిన ఆ ప్రాజెక్టు 2020 మార్చి 31న పని పంచడం ఆపేసింది. దాని వెనకున్న డేవిడ్ ఆండర్సన్ బృందం 2002లో మొదలుపెట్టిన బోయింక్ అనే సాఫ్ట్‌వేర్ మాత్రం నిలిచింది. ఇప్పుడు చాలా ప్రాజెక్టులకు అదే తలుపు. ప్రొటీన్ల కదలికలను లెక్కగట్టే ఫోల్డింగ్ ఎట్ హోమ్ 2000 అక్టోబరులో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది, అది దీనితో సంబంధం లేకుండా తన సొంత ప్రోగ్రాంతో నడుస్తుంది. కొవిడ్ మొదలైన 2020 మార్చిలో జనం ఒక్కసారిగా ఫోల్డింగ్‌లో చేరారు. అందరి కంప్యూటర్లూ కలిసి సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలు చేసే స్థాయిని దాటాయి. అప్పటికి ఏ సూపర్‌కంప్యూటరూ ఆ గీత దాటలేదు.

ఏ లెక్కలు ఇంటికి వస్తాయి, ఏవి రావు

తీరంలో ఉండేవారికి మొదట తట్టే ప్రశ్న తుపాను గురించే. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసినవారు, మా కంప్యూటర్లన్నీ కలిసి తుపాను దారి లెక్క కట్టలేవా అని అడగడం సహజం. అది కుదరదు. తుపాను నమూనాలో సముద్రాన్నీ గాలినీ గళ్లుగళ్లుగా విభజిస్తారు. ప్రతి గడిలో గాలి ఎటు వీచిందో పక్క గడికి క్షణక్షణం తెలియాలి. జవాబు కొన్ని గంటల్లో చేతికి రావాలి. ఒక గడి టెక్కలిలో, పక్క గడి టోక్యోలో ఉండి, టెక్కలిలో కరెంటు పోతే లెక్క మొత్తం అక్కడే కూర్చుంటుంది. ఇలాంటి వాటికి ఒకే గదిలో వేలాది ప్రాసెసర్లను కట్టిన సూపర్‌కంప్యూటర్లు కావాలి. పుణె, నోయిడాల్లోని వాతావరణ కేంద్రాలకు 2024లో వచ్చిన అర్క, అరుణిక అందుకోసమే.

దీర్ఘకాల వాతావరణ మార్పు సంగతి వేరు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2003లో ప్రారంభించిన క్లైమేట్ ప్రిడిక్షన్ ప్రాజెక్టు ఒకే నమూనాను మొదటి అంకెలు కొద్దికొద్దిగా మార్చి వేలసార్లు నడుపుతుంది. ఒక్కో పరుగు దానికదే. ఎవరి ఇల్లు ఎక్కడున్నా ఫరవాలేదు, వారం ఆలస్యమైనా ఫరవాలేదు. వేడి పెరిగితే కుండపోత వానలు ఎంత తరచుగా వస్తాయన్నలాంటి ప్రశ్నలకు జవాబు ఒక్క పరుగులో దొరకదు, ఆ వేల పరుగుల గుంపులో వెతుక్కోవాలి.

ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతీ ఇలాంటి చర్చల్లో వస్తుంటుంది. సైన్సుకు అన్ని కంప్యూటర్లు పనిచేస్తున్నాయి కదా, దాని కారణం తేల్చవచ్చు కదా అన్నది ప్రశ్న. అక్కడి అడ్డంకి లెక్కల కొరత అనుకోవడం పొరపాటు. నీళ్లు, మట్టి, తిండి, పని పరిస్థితులు, రక్తపరీక్షలు, వీటి సమాచారాన్ని ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి పోగు చేయాలి. ఆ సమాచారం లేకుండా ఎన్ని కంప్యూటర్లు పెట్టినా నమలడానికి ఏమీ ఉండదు.

ఏఐ వచ్చాక ప్రొటీన్ లెక్కలు ఇంకా ఎందుకన్న సందేహమూ ఉంది. ఆల్ఫాఫోల్డ్ లాంటి సాధనాలు ప్రొటీన్ చివరికి ఏ ఆకారంలో ఉంటుందో చెబుతాయి. ఫోల్డింగ్ ఎట్ హోమ్ అది ఎలా కదులుతుందో, ఎప్పుడు తెరుచుకుని ఎప్పుడు మూసుకుంటుందో చూస్తుంది. తాళం ఫొటోకీ తాళం తిరిగే వీడియోకీ ఉన్న తేడా అనుకోవచ్చు. మందు వెళ్లి అతుక్కునే సందు కొన్నిసార్లు ఫొటోలో కనిపించదు.

'ఖాళీ' అనే మాట పాతబడింది

ఈ ప్రాజెక్టులన్నీ మొదటినుంచీ చెప్పేది ఒకటే. మీ కంప్యూటరు ఎలాగూ ఖాళీగా ఉంది, ఆ ఖాళీని ఇవ్వండి. 1999లో ఆ మాటలో నిజం పాలు ఎక్కువ. అప్పటి డెస్క్‌టాప్ ప్రాసెసరు పని ఉన్నా లేకపోయినా తాగే కరెంటులో తేడా తక్కువ. పక్కనే లావుపాటి సీఆర్‌టీ మానిటరు అంతకన్నా ఎక్కువ లాగేది. ఆన్‌లో ఉన్న యంత్రానికి పని పెడితే అదనపు ఖర్చు పెద్దగా ఉండేది కాదు.

ఇప్పటి ప్రాసెసరు పని లేనప్పుడు నిద్రపోతుంది. వేగం తగ్గించుకుంటుంది, వాడని కోర్లకు కరెంటు ఆపుకుంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఐదో పదో వాట్లతో సరిపెట్టుకునే చిప్పు, పని పెట్టగానే అరవైకో వందకో ఎగబాకుతుంది. అంటే ఈ రోజుల్లో ఇస్తున్నది ఖాళీ సమయం కాదు, కొత్తగా కొన్న కరెంటు. ప్రాజెక్టుల ప్రచారంలో ఈ ముక్కను ముందుగా, స్పష్టంగా చెప్పకపోతే అది లోపమే.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. సగం కోర్లతో నడిచే మామూలు డెస్క్‌టాప్ అదనంగా 60 వాట్లు తీసుకుంటుందని అనుకుందాం. రాత్రి 8 గంటలు నడిపితే రోజుకు అర యూనిట్‌కు కాస్త తక్కువ, నెలకు 14 యూనిట్ల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రకటించిన గృహ శ్లాబుల్లో 126 నుంచి 225 యూనిట్ల మధ్య ధర 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75. ఆ ధరల్లో ఈ 14 యూనిట్లకు 86 రూపాయలు పడుతుంది, పై శ్లాబులో ఉన్న ఇంటికైతే 126.

అదే గ్రాఫిక్స్ కార్డుతో కలిపి 300 వాట్లు తీసుకునే గేమింగ్ కంప్యూటరును పగలూ రాత్రీ ఆపకుండా నడిపితే నెలకు 216 యూనిట్లు. 200 యూనిట్లు వాడే ఇల్లు ఒక్క దెబ్బకు 416కి వెళ్తుంది. మొదటి 25 యూనిట్లు ఆరు రూపాయల ధరలో పడతాయి, తర్వాతి 175 యూనిట్లు 8.75 శ్లాబులోకి, చివరి 16 యూనిట్లు 9.75 శ్లాబులోకి ఎక్కుతాయి. మొత్తం అదనం 1,837 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు దీనికి వేరు. ఇంటి వాడకం రెట్టింపైతే బిల్లు రెట్టింపు కన్నా ఎక్కువ పెరగడానికి కారణం ఈ శ్లాబు మెట్లే. మీటరు రీడింగు తీసే తేదీ దగ్గర పడ్డాక కొత్త మెట్టు ఎక్కుతున్నామో లేదో చూసుకుంటే చాలా ఇళ్లలో సమస్య అక్కడితో తీరుతుంది. ఇంటిపైన సోలార్ పలకలు, నెట్ మీటరు ఉన్నవారికి ఈ లెక్క వేరుగా ఉంటుంది.

ఉక్కపోత, కోతలు, ఇన్వర్టరు

కంప్యూటరు తీసుకున్న ప్రతి వాటూ చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది. వంద వాట్ల యంత్రం గదిలో ఇంకో మనిషి కూర్చున్నంత వేడి పుట్టిస్తుంది. జర్మనీలో జనవరిలో ఆ వేడి గదికి పనికొస్తుంది. మే నెలలో శ్రీకాకుళంలో దాన్ని బయటికి తోలడానికి ఏసీ ఇంకాస్త కరెంటు తినాలి. ఏసీ లేని గదిలో ప్రాసెసరే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు కరెంటుకు తగ్గ పని జరగదు. ఒక చలిదేశపు వాలంటీరు సలహాలను ఇక్కడ తు.చ. తప్పకుండా పాటిస్తే నష్టమే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆపేసి, వానలు పడ్డాక మళ్లీ మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి తేమ లోపలి లోహపు భాగాలను తినేస్తుంది కాబట్టి, రోజంతా గాలి పీల్చే యంత్రాన్ని కిటికీ పక్కన పెట్టకపోవడం మేలు.

కరెంటు పోవడం అంత పెద్ద ఇబ్బంది కాదు. చివరి చెక్‌పాయింట్ నుంచి పని మళ్లీ మొదలవుతుంది, కొన్ని నిమిషాల శ్రమే పోతుంది. ఇబ్బంది అంతా ఇన్వర్టరుతో. ల్యాప్‌టాప్‌కు తాను బ్యాటరీ మీద ఉన్నానని తెలుసు, బోయింక్ వెంటనే ఆగిపోతుంది. గోడలో ఉన్న ఇన్వర్టరు సంగతి డెస్క్‌టాప్‌కు తెలియదు. దాని దృష్టిలో కరెంటు పోనే లేదు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి, చేతికొచ్చేది ఇంకా తక్కువ. 75 వాట్ల ఫ్యాన్లు రెండు తిరుగుతుంటే 150 వాట్లు. దానికి 120 వాట్ల కంప్యూటరు తోడైతే బ్యాటరీ దాదాపు సగం సమయంలోనే చేతులెత్తేస్తుంది. అర్ధరాత్రి కోతలో నక్షత్రాలు వెతికినందుకు తెల్లవారుజామున ఫ్యాను ఆగిపోతే, ఆ ఇంట్లో సైన్సుకు మద్దతు తగ్గడం ఖాయం. కంప్యూటరు ప్లగ్గును ఇన్వర్టరు లైనులో లేని సాకెట్టుకు మార్చడమే తేలికైన మందు. యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కబురందించే చిన్న యూపీఎస్ కూడా ఈ సమస్యను తీరుస్తుంది.

తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకపోతే గడువు దాటిన ముక్కలు వేరే ఇళ్లకు వెళ్లిపోతాయి. దానివల్ల ప్రాజెక్టుకు నష్టం లేదు, ఆలస్యం మాత్రమే.

పాయింట్లు, డబ్బు, అనుమానాలు

పూర్తయిన పనికి క్రెడిట్ అనే పాయింట్లు ఇస్తారు. వాటితో ఏమీ కొనలేం. అయితే బోయింక్ పనికి ప్రతిఫలంగా 2013 నుంచి గ్రిడ్‌కాయిన్ అనే క్రిప్టో నాణెం ఉండడం వల్ల గందరగోళం పెరిగింది. అది వేరేవాళ్ల ఏర్పాటు, ప్రాజెక్టులకు దానితో సంబంధం లేదు. మామూలు వాలంటీరు దాని జోలికి వెళ్లనక్కర్లేదు. బిట్‌కాయిన్ మైనింగ్‌లో లెక్క ఫలితం ఆ నాణేనికి తప్ప దేనికీ పనికిరాదు, ఇక్కడ ఫలితం పరిశోధన పత్రాలకు చేరుతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఫ్యాను హోరుతో సహా.

నిజమైన ప్రాజెక్టు అడిగేది ఈమెయిలు, ఒక పాస్‌వర్డు, అంతే. రిజిస్ట్రేషన్ రుసుమో, డిపాజిట్టో, యూపీఐ పిన్నో అడిగితే అది మోసం. మీ కంప్యూటరు అద్దెకిస్తే రోజుకు ఇంత అంటూ వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలూ అంతే. సాఫ్ట్‌వేర్‌ను బర్కిలీ విశ్వవిద్యాలయపు బోయింక్ సైటు నుంచో, ఫోల్డింగ్ సొంత సైటు నుంచో మాత్రమే దించుకోవాలి.

తనది కాని కంప్యూటరులో దీన్ని పెట్టడం వేరే సంగతి. కాలేజీ ల్యాబులో అరవై యంత్రాలు రాత్రంతా ఊరకే ఉంటాయి కదా అనిపిస్తుంది. అమెరికాలోని జార్జియాలో ఒక కళాశాల సాంకేతిక ఉద్యోగి 1999లో అలాగే అనుకుని అక్కడి యంత్రాల్లో ఇలాంటి ప్రోగ్రాం పెట్టి, క్రిమినల్ కేసులో ఇరుక్కున్నాడు. చివరికి జరిమానాతో బయటపడ్డాడు. మన ఐటీ చట్టం 43వ సెక్షన్ కూడా యజమాని అనుమతి లేకుండా కంప్యూటరును వాడడాన్ని తప్పుగానే చూస్తుంది. ప్రిన్సిపాల్ సంతకంతో ఒక కాగితం ఉంటే ఈ బెడద ఉండదు.

మొదటి వారం

బోయింక్ పెట్టాక ప్రాజెక్టుల జాబితా కనిపిస్తుంది. అన్నింటిలో చేరాలనిపిస్తుంది, ఒకటి చాలు. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌లో గడువు రెండు వారాలు కాబట్టి కోతలున్న ఊళ్లకు అది అనువు. ప్రొటీన్ల రోసెట్టా ఎట్ హోమ్‌లో మూడు రోజులే. క్లైమేట్ ప్రిడిక్షన్ ముక్కలు పెద్దవి, డిస్కూ నెట్టూ ఎక్కువ అడుగుతాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇంటికి అది పనికిరాదు. సర్వరు ఆగిపోయినప్పుడు ఖాళీగా ఉండకూడదనుకుంటే, రెండో ప్రాజెక్టును రిసోర్స్ షేర్ (యంత్రం సమయంలో దాని వాటా) సున్నాతో పెట్టుకోవచ్చు. మొదటిది పని ఇవ్వనప్పుడే అది రంగంలోకి దిగుతుంది.

కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్‌లో ఒకదానికొకటి పోలిన రెండు గడులుంటాయి. ఒకటి ఎన్ని కోర్లు వాడాలో చెబుతుంది, రెండోది సీపీయూ (ప్రాసెసరు) సమయంలో ఎంత శాతమో. వేడి తగ్గాలంటే మొదటిదాన్ని 50 శాతానికి దించి, రెండోదాన్ని వందలోనే ఉంచాలి. రెండోదాన్ని తగ్గిస్తే ప్రోగ్రాం క్షణం నడిచి క్షణం ఆగుతూ ఫ్యాను ఊపిరాడనట్టు ఎగసిపడుతుంది. డైలీ షెడ్యూల్స్‌లో రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఏడు వరకు అని పెట్టుకుంటే పగటి వాడకానికి అడ్డు రాదు. గ్రాఫిక్స్ కార్డును మొదటి నెల ముట్టుకోకపోవడమే నయం. ల్యాప్‌టాప్ అయితే పరుపు మీద పెట్టకూడదు, కింది గాలిరంధ్రాలు మూసుకుపోతాయి.

మొదటి ముక్కకు కంప్యూటరు చూపించే మిగిలిన సమయం నమ్మదగింది కాదు. మూడు గంటలని చెప్పి పది గంటలు తీసుకోవచ్చు. పది ముక్కలయ్యాక ఆ అంచనా దారిలో పడుతుంది. పూర్తయిన పనికి వెంటనే పాయింట్లు రాకపోతే పెండింగ్ అని ఉంటుంది. అంటే రెండో ఇంటి జవాబు ఇంకా రాలేదన్నమాట.

సంక్రాంతికో, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికో నాలుగు రోజులు ఊరెళ్తుంటే రెండు రోజుల ముందే ప్రాజెక్టు మీద నో న్యూ టాస్క్స్ నొక్కాలి. చేతిలో ఉన్న ముక్కలు పూర్తయి వెళ్లిపోతాయి, కొత్తవి రావు. ఆ తర్వాత మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వేసుకోవచ్చు. తిరిగొచ్చాక అలౌ న్యూ టాస్క్స్ నొక్కితే మళ్లీ మొదలవుతుంది.